అదర్శనము – నాశము : మరుగునపడిన భక్తిచిత్రములను గూర్చి

లోకమున కంటికి కనబడనిదానిని లేనిదానినిగా నెంచుట సామాన్యుల స్వభావము. శాస్త్రము మాత్రము అట్లు తలంపదు. పాణిని మహర్షి లోపమను మాటకు అర్థము నిర్ణయించునపుడు, ఉండవలసినది కనబడకుండుటయే లోపమని చెప్పెనే గాని అది నశించినదని చెప్పలేదు. అంతియ గాదు, ప్రత్యయము లోపించినను దానివలన జరుగవలసిన కార్యము జరిగితీరునని మరియొక నియమమును గూడ చేసెను. అగ్నిచిత్తు, సోమసుత్తు అను పదములయందు క్విప్పు అను ప్రత్యయము ఒక్క అక్షరమైనను మిగులకుండ తొలగిపోవును. అయినను దాని నిమిత్తముగా వచ్చిన తకారము పదాంతమున నిలిచియే యున్నది. ప్రత్యయము కనబడదు, దాని ప్రభావము కనబడును. అయితే ఆ మహర్షియే దీనికొక అపవాదమును గూడ చెప్పెను. లుక్కు మొదలైన కొన్ని విధముల తొలగింపులయందు ప్రత్యయముతోపాటు అంగముపై అది చేయదగిన కార్యము గూడ ఆగిపోవును. కావున కనబడకపోవుట రెండు విధములు. ఒకటి ఫలమును మిగిల్చి పోవునది. రెండవది ఫలమును గూడ వెంటగొనిపోవునది.

ఈ భేదమును నేడు ఒక లౌకిక విషయమునకు అన్వయించి చూడదలచితిని. ఒకప్పుడు ఊరూర ప్రదర్శింపబడి, పిమ్మట దూరదర్శనమున అప్పుడప్పుడు దర్శనమిచ్చి, నేడు టెలివిజనులో దాదాపు కానరాకపోయిన ప్రాచీన భక్తిచిత్రములు కలవు. వాటి విషయమున మనకు ఋణమేదైన నున్నదా? ఉన్నచో దానిని తీర్చు విధమేది? చూచువారు లేనిదానిని కాపాడుట ధర్మమా, మోహమా? ఇది ధర్మవిచారమే గాని వినోదవిచారము గాదు. కావుననే ఆలయపత్రికలో దీనికి చోటు కలదని తలంచుచున్నాను.

భరతముని నాట్యశాస్త్రారంభమున నాట్యమునకు పంచమవేదమను గౌరవమును కల్పించెను. వేదము విను అవకాశము లేనివారికి గూడ ధర్మము తెలియవలెననియు, అది కంటికి చెవికి ఒక్కసారిగా అందవలెననియు దేవతలు కోరగా బ్రహ్మ దానిని సృజించెనని ఆ కథ. ఈ పంచమవేదమే మన ప్రాంతమున వీథినాటకమై, తోలుబొమ్మలాటయై, హరికథయై, సురభి నాటకమై ఊళ్లు తిరిగినది. ఇరువదవ శతాబ్దమున చలనచిత్రమై వెండితెర కెక్కినది. 1913లో ఫాల్కే మహాశయుడు నిర్మించిన మొదటి చిత్రము రాజా హరిశ్చంద్ర. తెలుగున మొదటి మాటలాడు చిత్రము హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వమున 1932లో వెలువడిన భక్త ప్రహ్లాద. ఒకటి సత్యమును ఆశ్రయించి పుట్టినది; రెండవది భక్తిని ఆశ్రయించి పుట్టినది. మన జాతి ఒక కొత్త యంత్రమును చేతబట్టినపుడు దానితో మొదట చెప్పదలచిన కథ లెట్టివో ఈ రెండు నామములే తెలుపుచున్నవి.

శ్రీనివాసుని భక్తులు తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. పి. పుల్లయ్యగారు 1939లో బాలాజీ అను పేర వేంకటేశ్వర మాహాత్మ్యమును చిత్రముగా తీసిరి. సి.ఎస్.ఆర్. ఆంజనేయులుగారు స్వామి పాత్రను, శాంతకుమారిగారు పద్మావతి పాత్రను ధరించిరి. 21 సంవత్సరముల పిమ్మట 1960లో అదే దర్శకుడు అదే కథను మరల తీసెను. స్వామిగా ఎన్.టి. రామారావుగారును, పద్మావతిగా సావిత్రిగారును నటించిరి. శాంతకుమారిగారు ఈ పర్యాయము వకుళమాత యైరి. యౌవనమున స్వామిని వరించిన వధువు, ప్రౌఢవయస్సున ఆయనకే తల్లియై అన్నము పెట్టినది. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఆ చిత్రమున తామే తెరపై కనబడి స్వామి సన్నిధిని గానము చేసిరి. ఈ చిత్రమాడిన కాలమున ప్రేక్షకులు తెరకు హారతు లిచ్చిన ఊళ్లు కలవు. దానిని మౌఢ్యమని నవ్వువారు నవ్వవచ్చును. కాని కొండకు పోవుటకు దారిఖర్చు లేని బీదవాడు, అణాలు వెచ్చించి తన ఊరనే గోవిందనామ స్మరణ చేసెనన్న మాట నవ్వదగినది గాదు.

చిత్తూరు నాగయ్యగారి విషయ మింతకంటె విశేషమైనది. వాహినీవారి భక్త పోతన 1943లో వచ్చినది. కె.వి. రెడ్డిగారికి దర్శకులుగా నదియే మొదటి చిత్రము. నాగయ్యగారే దర్శకత్వము వహించి నటించిన త్యాగయ్య 1946లోను, మరల కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున యోగి వేమన 1947లోను వచ్చినవి. ఒక కవి, ఒక గాయకుడు, ఒక యోగి. ముగ్గురికిని ఒకే మనుష్యుడు ఐదేండ్లలోపల దేహము నిచ్చెను. నాగయ్యగారు 1973 డిసెంబరు 30వ తేదిన పరమపదించిరి. కాని నేటికిని తెలుగు పల్లెలో వయసు మీరిన వారిని త్యాగరాజస్వామి ఎట్లుండెనని అడుగుడు. వారు చెప్పు రూపమున సగము నాగయ్యగారి రూపమే. ఆ చిత్రమును వారు చూచి యేబది యేండ్లు గడచియుండవచ్చును. ప్రత్యయము లోపించినది, తకారము మిగిలినది.

ఇక వస్తుస్థితి చూతము. భక్త ప్రహ్లాద నేడు చూడగోరిన వానికి లభింపదు. దాని ప్రతి యొకటియు మిగులలేదు. 1931లో వచ్చిన ఆలం ఆరా, మన దేశపు మొట్టమొదటి మాటల చిత్రము, దాని గతియు నిదియే. రాజా హరిశ్చంద్రమున కొంత భాగము మాత్రమే మిగిలినది. మన దేశమున నిర్మింపబడిన మూకీ చిత్రములు సుమారు 1300 అని లెక్క చెప్పుదురు. మిగిలినవి 30కి మించవు. దీనికి కారణములు స్పష్టములు. 1950 ప్రాంతము వరకు చిత్రములు నైట్రేటు ఫిల్ముపై ముద్రింపబడెడివి. అది శీఘ్రముగా మండు పదార్థము. దహనమునకు కావలసిన ప్రాణవాయువు దానియందే యుండుటచే నీటిలో ముంచినను ఆరదు. అగ్ని సోకనిచో కాలక్రమమున తనంతట తానే జిగురై, పొడియై పోవును. పిమ్మట వచ్చిన ఫిల్ము మండదు గాని తేమకును వేడికిని పులిసి చెడిపోవును. దీనికితోడు నలుపు తెలుపు ఫిల్మునందు వెండి యుండును. ఆటలు ముగిసిన చిత్రముల ప్రతులను ఆ వెండికొరకు కడిగి కరగించినవారు పలువురు. వెండితెరపై దేవతను చూపిన ఫిల్ము పట్టెడు వెండికై ముక్కలైనది.

ఇట్లు చెడగా మిగిలినవానిని కాపాడుటకు ప్రభుత్వమువారు 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారమును స్థాపించిరి. పి.కె. నాయరుగారను మహనీయుడు ఒక్కొక్క రీలు కొరకై దేశమెల్ల తిరిగి సేకరించెను. ఆయన శ్రమ లేనిచో ఫాల్కే చిత్రములలో మిగిలిన ఆ కొంత భాగమైనను మనకు దక్కెడిది గాదు. అయినను 2003 జనవరి 8వ తేదిన పూనాలో జరిగిన అగ్నిప్రమాదమున వందలాది నైట్రేటు చిత్రములు దగ్ధమైపోయినవి.

టెలివిజను విషయ మింకొక రకము. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లో ప్రారంభమైనది. ఆ కాలమున ఒకే ప్రసారము; వారమున కొక తెలుగు చిత్రము. ఏది వేసిన నది ఇల్లెల్ల చూచెడిది. ఆ విధముగ పోతనయు వేమనయు పిన్నలకు గూడ పరిచయమైరి. 1995 పిదప ప్రైవేటు ఛానళ్లు పెక్కు వచ్చినవి. ఎంచుకొను స్వేచ్ఛ పెరిగినకొలది ఎంచుకొనబడునవి తగ్గుట విచిత్రము. మాయాబజారు, లవకుశ వంటి కొన్ని చిత్రములు మాత్రము నేటికిని మరల మరల దర్శనమిచ్చుచున్నవి. అవి దానికి తగినవే. వాటి తోబుట్టువులు మాత్రము బయటికి రావు. బొమ్మ మసకయనియు, ధ్వని గరగరలాడుననియు, కథ నెమ్మదియనియు, ప్రకటనదారులు రారనియు ఛానళ్లవారు కారణములు చెప్పుదురు. వ్యాపారదృష్టితో అవి అసత్యములు గావు.

ఇప్పుడు పూర్వపక్షములను విచారింతము.

మొదటి పూర్వపక్షము: చలనచిత్రము విలాసవస్తువు, దానిపై ఇంత చింత యేల? బ్రహ్మచారికి నృత్యగీతములు నిషేధింపబడినవి గదా? ఈ ప్రశ్న నాకు క్రొత్తది గాదు. నేను చదివిన పాఠశాలలో సినిమా మాట యెత్తుటయే అపరాధము. అట్టి పాఠశాలలో మా గురువుగారు ఒకనాడు టూరింగ్ టాకీసునకు త్యాగయ్య వచ్చినదని విని, విద్యార్థుల నందరిని వెంటబెట్టుకొని పోయిరి. తిరిగివచ్చుచుండగా మాలో పెద్దవాడు, "గురువుగారూ, మనకిది నిషిద్ధము గదాండీ?" అని వినయముగా అడిగెను. "ఒరే, శాస్త్రము నిషేధించినది నీ చాపల్యమునురా, నీ కన్నును గాదు. ఇంటికి పోయిన పిమ్మట నీకు రాముడు తలపునకు వచ్చినచో నీవు చూచినది దర్శనము, నటుడు తలపునకు వచ్చినచో నీవు చూచినది సినిమా" అని వారు బదులిచ్చిరి. అలంకారశాస్త్రమున భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణము సారమిదియే. పాత్రయొక్క భావము వ్యక్తిని విడిచి సర్వులది కావలెను. ఆ భట్టనాయకుని హృదయదర్పణమను గ్రంథము గూడ నేడు లభింపదనుట ఈ సందర్భమున గమనింపదగినది. అభినవగుప్తుడు దానిని ఖండించుటకై ఉదాహరించుటచేతనే మన మతని మాటలను కొన్నిటి నెరుగుదుము. శ్రద్ధగా ఖండించినవాడు గూడ ఒకవిధముగ రక్షకుడే. పలుకరింపనివాడే నిజమైన నాశకుడు.

రెండవ పూర్వపక్షము: కాలము సర్వమును హరించును. పోవుదానిని పోనిచ్చుటయే వైరాగ్యము. పట్టుకొని వ్రేలాడుట మోహము. ఇది వినుటకు గంభీరముగ నుండును. కాని వైరాగ్యమనగా మనదియైన దానిని మనము విడుచుట. ఇతరులకు చెందవలసినదానిని చెడనిచ్చుట గాదు. మనుష్యుడు ఋషిఋణము, దేవఋణము, పితృఋణములతో పుట్టునని శ్రుతి. ఋషిఋణము అధ్యయనముచే తీరును. అధ్యయనమనగా తాను చదువుట మాత్రమే గాదు, తరువాతివానికి అందించుట. ఇల్లు ధర్మకర్త చేతిలో శిథిలమగుచుండగా, నాకు వైరాగ్యము కలిగినదని అతడన్నచో ఎవ్వరంగీకరింతురు?

మూడవ పూర్వపక్షము: చూచువారు లేరు గదా! ఇది అన్నిటికంటె బలమైనది. దీనికి లోకమే సమాధానము చెప్పినది. 1987 జనవరి మొదలు 1988 వరకు దూరదర్శనమున ప్రసారమైన రామాయణమును, దేశమెల్ల గృహములందు నిర్బంధింపబడిన 2020 మార్చి 28వ తేదినుండి మరల ప్రసారము చేసిరి. ముప్పదిమూడేండ్ల నాటి చిత్రీకరణము. నేటి యంత్రవైభవము లేదు. అయినను కోట్లాది జనులు చూచిరి. తాత చూచినదానిని మనుమడు తాత ప్రక్కన కూర్చుండి చూచెను. చూచువారు లేరనునది చూపనివారి మాట.

అయినను ఈ పక్షమున మిగిలిన సత్యాంశమును దాచరాదు. చలనచిత్రము అర్చామూర్తి వంటిది గాదు. పల్లెటూరి గుడిలో భక్తుడొక్కడును రాని ప్రభాతమున గూడ అర్చకుడు దీపము వెలిగించి నైవేద్యము పెట్టును. అచట దేవుడున్నాడు, కావున సేవ సార్థకము. రసము మాత్రము సహృదయుని యందు పుట్టునది. చూచు హృదయము లేనిచో పెట్టెలోని రీలు ఫిల్ము మాత్రమే. కావున భద్రపరచుట యొక్కటియే చాలదు. రక్షణము, దర్శనము అను రెండు ధర్మములు కలిసియుండవలెను. వీనిలో నొకటి లేనిచో నేమగునో పూర్వకథలు చెప్పుచున్నవి.

గుణాఢ్యుడు పైశాచీభాషలో 7 లక్షల గ్రంథముగా బృహత్కథను రచించి, మన శాతవాహన ప్రభువునకు పంపెను. ప్రభువు దానిని నిరాకరించెను. గుణాఢ్యుడు కొండపై నగ్ని వెలిగించి, ఒక్కొక్క పత్రమును మృగములకు చదివి వినిపించుచు, చదివినదానిని చదివినట్లు అగ్నికి సమర్పించెను. మృగములు మేత మాని, కన్నీరు కార్చుచు వినెను. తుదకు రాజు విషయము తెలిసికొని పరుగెత్తి వచ్చునప్పటికి 6 లక్షలు బూడిదయై, లక్ష మాత్రము మిగిలినది. ఇది కథాసరిత్సాగరమున సోమదేవుడు చెప్పిన వృత్తాంతము. ఆ మిగిలిన మూలము గూడ నేడు మనకు లేదు. సంస్కృతానువాదముల రూపమున దాని ఛాయ మాత్రమున్నది. ఇందు గ్రంథమును కాల్చినవాడు గుణాఢ్యుడు. కాని దోషమెవ్వరిది? రాజు నిప్పు పెట్టలేదు, కత్తి పట్టలేదు, ఊరక ముఖము త్రిప్పుకొనెను. అనాదరము చేతులకు మసి అంటకుండ కాల్చగల నిప్పు.

దీనికి ప్రతిగా తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనల కథ చూడుడు. ఆ మహానుభావుడు 1408 నుండి 1503 వరకు జీవించెను. 32 వేల సంకీర్తనలు రచించెనని ప్రసిద్ధి. వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున సంకీర్తన భాండాగారమున నుంచిరి. శతాబ్దముల తరబడి వాటిని విప్పి చదివినవారు లేకపోయిరి. ఇరువదవ శతాబ్దమున అవి మరల వెలుగు చూచినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వంటి విద్వాంసులు వాటిని పరిష్కరించుటకును స్వరపరచుటకును తమ జీవితములను ధారపోసిరి. నేడు అన్నమయ్య పాట లేని తెలుగు ఇల్లు లేదు. రాగిరేకు లేనిచో విద్వాంసు లేమి చేయగలరు? విద్వాంసులు లేనిచో రాగిరేకు లేమి పాడగలవు? రక్షించినవాడు ఫలమును చూడలేదు. ఫలమును చూచినవాడు రక్షించినవానిని చూడలేదు. ఈ ఇరువురిని కలిపిన వాడు స్వామి.

కంచి వరదరాజస్వామి ఆలయమున అత్తికొయ్యతో చేసిన మూర్తి యొకటి కలదు. ఆ స్వామి అనంతసరస్సు నీటి యడుగున శయనించి, 40 సంవత్సరముల కొకసారి మాత్రమే పైకి వచ్చును. 1939లో వచ్చెను, 1979లో వచ్చెను, 2019లో 48 దినములు దర్శనమిచ్చి మరల నీట మునిగెను. అరుదుగ చూపబడుట లోపము గాదని దీనివలన తెలియుచున్నది. కాని ఇందొక రహస్యమున్నది. ఆ నలువది యేండ్లును ఎవరో ఒకరు లెక్క పెట్టుచున్నారు. ఒక తరము తరువాతి తరమునకు ఆ లెక్కను అప్పగించుచున్నది. మన భక్తిచిత్రములకు లేనిది ఆ లెక్క పెట్టువాడే.

మూలఫిల్ము చెడినపుడు వేరొక రూపమునకు మార్చినచో అది ఆ చిత్రమే యగునా యను సందేహము కొందరికి కలదు. దీనికి ఆగమశాస్త్రమున సమాధానమున్నది. జీర్ణోద్ధారణమున మూర్తి కళను కుంభమునందు ఆవాహనము చేసి, బాలాలయమున పూజించి, పనులు ముగిసిన పిదప మరల బింబమునకు చేర్తురు. తిరుమలయందు 2018 ఆగస్టున జరిగిన అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము ఇట్టిదే. ఆధారము మారినను ఆధేయము చెడకుండ చూచు శ్రద్ధయే ముఖ్యము. అటులనే నైట్రేటునుండి క్రొత్త ఫిల్మునకును, దానినుండి డిజిటల్ రూపమునకును చిత్రమును చేర్చవచ్చును. తొందరపడి కత్తిరించుట, ఇష్టమువచ్చినట్లు రంగులు పులుముట మాత్రము సంప్రోక్షణము కాదు, అంగవైకల్యము.

ఇచట ధర్మసూక్ష్మ మింకొకటి కలదు. దేవస్వము దేవకైంకర్యమునకే గాని అన్యమునకు చెందదు. అట్టిచో ఆలయములు ఈ పని చేయవచ్చునా? స్వామి మాహాత్మ్యమును, భాగవతుల చరిత్రలను చాటునంతవరకు చేయవచ్చునని నా అభిప్రాయము. రాగిరేకులకు వెచ్చించిన ధనమును ఎవ్వరును దుర్వ్యయమనలేదు. అయితే వివేకము కావలెను. ప్రాచీనమైనంత మాత్రమున సర్వమును మంచిది గాదని కాళిదాసు హెచ్చరించెను. పరీక్షించి, కథయందు శుద్ధియు నటనయందు భక్తియు గల చిత్రములనే స్వీకరింపవలెను. శాసనము గూడ ఇందుకు కొంత అనుకూలము. మన దేశమున చలనచిత్రముపై హక్కు విడుదలైన పిదప 60 సంవత్సరములతో ముగియును. అందలి పాటలకును రచనకును వేరు హక్కులుండినచో వాటిని విచారించుకొనవలెను. పైన పేర్కొన్న చిత్రము లన్నియు ఆ అవధిని దాటినవే. 2008లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానలు వంటి ప్రసారములు కలవు. పండుగదినములందు ఆలయ ప్రాంగణములు కలవు. ఏకాదశి రాత్రి జాగరణమునకు పేకాటకంటె భక్త పోతన మేలు గదా!

తుదకు గృహస్థులకు ఒక మాట. మరుగునపడినవి చిత్రములు మాత్రమే గావు. ఆ చిత్రములను చూచి పెరిగిన వృద్ధులు ప్రతి యింటిలో ఒక మూలగదిలో నున్నారు. ధ్వని గరగరలాడుననియు, కథ నెమ్మదియనియు, చెప్పినదే చెప్పుననియు వారిపై మనము మోపు నేరములును అవియే. టెలివిజను మీట వారి చేతిలో లేదు. పాతచిత్రమును అనాదరించు బుద్ధియు, పాతమనిషిని అనాదరించు బుద్ధియు వేరువేరు గావు. కావున ఋణవిమోచనమును అచటనే ఆరంభింపవచ్చును. నెలకొక సాయంకాలము ఇంటి పెద్దవారిని నడుమ కూర్చుండబెట్టి, వారు కోరిన చిత్రమును వెదకి పెట్టుడు. యోగి వేమనయో, 1954 నాటి విప్రనారాయణయో కానిండు. పిల్లలు అడుగుదురు, వారు చెప్పుదురు. ఆ ప్రశ్నకును ఆ సమాధానమునకును నడుమ సంప్రదాయము ఒక అడుగు ముందుకు వేయును. చిత్రము వంకతో మనుష్యునకు గూడ దర్శనము లభించును.

కనబడకపోవుట లోపము, తలపునుండి తొలగించుట నాశము. మొదటిది కాలము చేయునది. రెండవది మనము చేయునది. కాలము చేయుదానిని వారింప మనకు శక్తి లేదు. మనము చేయుదానిని మానుటకు శక్తి కలదు. నీటి యడుగున నున్నను లెక్క తప్పని స్వామి, రాగిరేకులలో నిద్రించిన కీర్తనలకు మరల కంఠమిచ్చిన శ్రీనివాసుడు, మనకు మరపును తొలగించి స్మృతిని, స్మృతితోపాటు కృతజ్ఞతను ప్రసాదించుగాక!

స్వస్తి.